మొసళ్లది జమాత్, మనుషులది మూక

పోయిన జుమేరాత్ మగ్రిబ్ నమాజ్ చదువుకుని ఇంటికొచ్చేసరికి మా చిన్నది దస్తర్‌ఖాన్ మీద జీకే పుస్తకం పరిచి కూర్చుంది. ఇంగ్లిష్ మీడియం పిల్ల. దాని సవాళ్లకు జవాబులు నా దగ్గర సగమే ఉంటాయని దానికి ఎప్పుడో తెలిసిపోయింది. అయినా అడగడం మానదు.

"అబ్బూ, ఎలిగేటర్ల గుంపును ఏమంటారు?"

"గుంపు అనే అంటారు."

"అది తెలుగులో. ఇంగ్లిష్‌లో ఒక్కో జంతువుకి ఒక్కో లఫ్జ్ ఉంటుంది. ఇక్కడ ఖాళీ పూరించాలి."

ఇద్దరం చివరి పేజీ తిప్పి జవాబ్ చూశాం. కాంగ్రిగేషన్. ఎ కాంగ్రిగేషన్ ఆఫ్ ఎలిగేటర్స్.

పిల్ల రాసేసుకుని తర్వాతి ఖాళీకి వెళ్లిపోయింది. నేనే అక్కడ ఆగిపోయా. ఎందుకంటే ఆ లఫ్జ్ నాకు కొత్తది కాదు. ఇరవై ఏళ్లకు పైగా డెస్క్ మీద పనిచేస్తున్నా. రంజాన్, బక్రీద్ వచ్చాయంటే ఏజెన్సీల ఇంగ్లిష్ కాపీలో మొదటి లైన్లోనే ఈద్గా, ఆ పక్కనే కాంగ్రిగేషన్ కనపడతాయి. దాన్ని తెలుగులో 'సామూహిక ప్రార్థనలు' అని తిప్పి పేజీకి పంపడం నా పని. చర్చికి వచ్చేవాళ్లనూ అదే లఫ్జ్‌తో పిలుస్తారు. మన జబాన్‌లో చెప్పాలంటే జమాత్. అంటే ఇంగ్లిష్‌వాడి లెక్కలో మొసళ్లు కూడా జమాత్‌గానే కూడతాయి.

నవ్వొచ్చింది. ఆ వెంటనే పాత గాయం ఒకటి సలిపింది. ఆ గాయం సంగతి చెప్పడానికే ఈ పోస్ట్. ముందు మొసళ్ల హిసాబ్ పూర్తిచేద్దాం.

ఎలిగేటర్ మన దేశపు జంతువు కాదు. దునియాలో వాటివి రెండే జాతులు. ఒకటి అమెరికాలో ఆగ్నేయ రాష్ట్రాల చిత్తడి నేలల్లో ఉంటుంది. రెండోది చైనాలో యాంగ్జీ నది కింది భాగంలో, అంతరించిపోయే హాలత్‌లో ఉంది. మనకున్నవి మూడు: మంచినీటి మొసలి, ఉప్పునీటి మొసలి, ఘరియాల్. ఎలిగేటర్ మూతి వెడల్పుగా, ముందు గుండ్రంగా ఉంటుంది. నోరు మూస్తే కింది పళ్లు కనపడవు. మన మొసలి నోరు మూసినా కింది దవడ నాలుగో పన్ను బయటికి తొంగిచూస్తుంది. పేర్లు కూడా ఎక్కడెక్కడి నుంచో వచ్చాయి. 'ఎల్ లగార్తో' అంటే స్పానిష్‌లో బల్లి. అమెరికా చేరిన స్పెయిన్‌వాళ్లు ఆ జంతువును చూసి బల్లి అన్నారు. ఇంగ్లిష్‌వాళ్ల నోట్లో అది ఎలిగేటర్ అయింది. మన మంచినీటి మొసలిని ఇంగ్లిష్‌లో 'మగర్' అంటారు. అది మన మగర్‌మచ్ఛ్‌లోని మగరే. ఘరియాల్‌లో ఉన్నది ఘడా, అంటే కుండ. మగ ఘరియాల్ మూతి చివర కుండలాంటి బుడిపె ఉంటుంది కాబట్టి.

ఇక జంతువుల గుంపులకు రకరకాల పేర్లు పెట్టే ఆ షౌక్ సంగతి. 1486లో ఇంగ్లండ్‌లో 'బుక్ ఆఫ్ సెయింట్ ఆల్బన్స్' అనే కితాబ్ అచ్చయింది. డేగలతో వేట, జింకల వేట, వంశాల చిహ్నాలు, ఇవీ అందులోని సంగతులు. ఖాన్‌దానీ కుటుంబాల కుర్రాళ్లకు అదబ్ నేర్పే పుస్తకమన్నమాట. అందులో గుంపుల పేర్ల జాబితా ఒకటి ఉంది. సింహాలు కూడితే 'ప్రైడ్', అంటే గురూర్. ఏ జంతువు గుంపును ఏమనాలో తెలిసినవాడు షరీఫ్, తెలియనివాడు గవార్.

తమాషా ఏమిటంటే ఆ జాబితా జంతువులతో ఆగలేదు. మనుషులకూ పేర్లు పెట్టారు. నన్‌ల గుంపుకు పెట్టిన లఫ్జ్‌కి మత్లబ్ 'అవసరానికి మించి ఉన్నారు' అని. మఠాల్లో ఉండే మాంక్‌ల గుంపుకు పెట్టినదానికి 'చూడ్డానికే అసహ్యం' అని. వేటకు వెళ్లే దొరలు గుర్రాల మీద కూర్చుని నవ్వుకోవడానికి పుట్టిన పేర్లలా ఉంటాయి. అదే జాబితాలో కాంగ్రిగేషన్ కూడా ఉంది. అయితే అది ఎలిగేటర్లకు కాదు. మామూలు జనానికి పెట్టిన పేరు అది. ఎలిగేటర్ ఆ పుస్తకంలో ఉండే అవకాశమే లేదు. కొలంబస్ ఓడ ఎక్కింది 1492లో. ఇంగ్లండ్ దొరలు అప్పటికి ఆ జంతువును చూడలేదు. జనానికి పెట్టిన లఫ్జ్ తర్వాతి కాలంలో ఎప్పుడో మొసళ్ల దాకా జారింది. 1968లో జేమ్స్ లిప్టన్ అనే అమెరికన్ ఇలాంటి పేర్లన్నీ పోగేసి పుస్తకం వేశాక ఆ షౌక్‌కి మళ్లీ ఊపొచ్చింది. ఇప్పుడు మా చిన్నదాని జీకే పుస్తకం దాకా వచ్చింది.

కాంగ్రిగేషన్ వేరు తవ్వితే ఇంకో సంగతి బయటపడుతుంది. లాటిన్‌లో 'గ్రెక్స్' అంటే మంద. గొర్రెల మంద. మందగా చేర్చడం అన్న మాట నుంచే చర్చి సభకు ఆ పేరొచ్చింది. అంటే ముందు పశువుల మాట మనుషులకొచ్చింది, అక్కడినుంచి మొసళ్లకు పోయింది. జంతువుల మాటలు మనుషులకు, మనుషుల మాటలు జంతువులకు ఇలా ఎప్పుడూ మారుతూనే ఉంటాయి. కాబట్టి జంతువుల లఫ్జ్ మనిషికి వాడితేనే బేఇజ్జతీ అని నేను అనడం లేదు. ఆర్. నారాయణమూర్తి తన సినిమాకు 'చీమలదండు' అని పేరు పెడితే అది కూలివాళ్లకు ఇజ్జత్ ఇచ్చింది. పెట్టే చెయ్యి ఎవరిది, ఆ చెయ్యి ఎక్కడ నిలబడి పెడుతోంది అన్నదే సవాల్.

ఎలిగేటర్లు నిజంగా ఎందుకు కూడతాయో చూద్దాం. అవి కోతుల్లా, ఏనుగుల్లా కుటుంబాలు కట్టుకుని తిరిగే జంతువులు కావు. పెద్దవి చాలామటుకు దేని జాగాలో అది ఉంటుంది. తల్లి మాత్రం గుడ్ల దగ్గర పహరా కాస్తుంది. పిల్లలు పొదిగి బయటికొస్తుంటే చప్పుడు విని గూడు తవ్వుతుంది, నోట కరుచుకుని నీళ్లలో దించుతుంది. ఆ పిల్లలు ఏడాదీ, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ కాలం తల్లి చుట్టుపక్కలే గుంపుగా బతుకుతాయి. వసంతంలో జోడీ కోసం పెద్దవి గర్జిస్తాయి. తలా తోకా పైకెత్తి మగది గాలి బిగబడితే మన చెవికి అందనంత కింది స్వరం పుడుతుంది. దాని వీపు మీది నీళ్లు చినుకులు పడ్డట్టు ఎగిరెగిరి పడతాయి. ఆ తర్వాత గర్జన. ఒకటి మొదలుపెడితే చుట్టుపక్కలవి అందుకుంటాయి. అది విన్నవాడికి చర్చిలో కోరస్ గుర్తుకొచ్చినా తాజ్జుబ్ లేదు.

అవి పదులకొద్దీ ఒకచోట చేరేది మాత్రం వానల్లేని కాలంలో. ఫ్లోరిడాలో ఎవర్‌గ్లేడ్స్ అని పెద్ద చిత్తడి నేల ఉంది. చలికాలం నుంచి వసంతం చివరిదాకా అక్కడ వానలు తగ్గిపోతాయి, నీళ్లు వెనక్కి తగ్గుతాయి. అప్పుడు ఎలిగేటర్లు మూతితో, కాళ్లతో, తోకతో బురదనూ మొక్కల్నీ తోసేసి గుంటలు చేస్తాయి. ఏళ్లతరబడి అవే గుంటల్ని కాపాడుకుంటాయి. చుట్టూ నేల ఎండినా ఆ గుంటలో నీళ్లు నిలుస్తాయి. చేపలు, తాబేళ్లు, కొంగలు అన్నీ అక్కడికే చేరతాయి. అందులో కొన్ని ఎలిగేటర్ నోట్లోకే పోతాయి, నిజమే. కానీ మిగిలినవి మళ్లీ వాన పడేదాకా బతికి, ఆ నేలంతా నిండుతాయి. ఎలిగేటర్ లేకపోతే ఎవర్‌గ్లేడ్స్ ఇలా ఉండదని శాస్త్రవేత్తలు చెప్పేది అందుకే. తోలు కోసం విచ్చలవిడిగా వేటాడి, 1967 నాటికి అమెరికా సర్కార్ దాన్ని అంతరించే జీవాల జాబితాలో చేర్చాల్సిన హాలత్ తెచ్చారు. కాపాడుకుంటే 1987కల్లా కోలుకుందని ప్రకటించారు.

నాకు ఇందులో పనికొచ్చిన మాట ఒక్కటే. ఎలిగేటర్లు ఒకచోట కూడాయంటే తరచూ దానికి కారణం వాటి స్వభావం కాదు. చుట్టూ నీళ్లు ఎండిపోయాయి. వేటకొచ్చిన దొర దూరం నుంచి చూసి ఒక పేరు పెట్టి పోతాడు. అక్కడ కొన్నాళ్లు కూర్చున్నవాడు నీళ్ల సంగతి చెబుతాడు.

ఇప్పుడు మన జబాన్‌ల దగ్గరికి వద్దాం. ఉర్దూ మీడియం స్కూల్లో ఖవాయిద్ క్లాసులో మేం కంఠస్థం చేసిన పాఠం 'ఇస్మె జమా'. రేవడ్ అంటే గొర్రెల మంద, టిడ్డీ దల్ అంటే మిడతల దండు. మనుషులకైతే మా ఉస్తాద్ సాబ్ బెత్తం ఊపుతూ వరసపెట్టి చెప్పేవారు. కవులు కూర్చుంటే బజ్మ్, దోస్తులు కూర్చుంటే మహ్ఫిల్, పనికోసం కలిస్తే అంజుమన్, దారిన పోతుంటే ఖాఫిలా, నమాజ్‌కి నిలబడితే జమాత్, లూటీకి పోతే గిరోహ్, తోసుకుంటే హుజూమ్. "చూశారా, అదే పదిమంది. ఏం చేస్తున్నారో చూసి లఫ్జ్ ఎంచుకోండి" అనేవారు. పదేళ్ల పిల్లలం, మాకది మార్కుల సంగతి మాత్రమే.

తర్వాత తెలుగులో డిగ్రీ చేశా. ఉర్దూ మీడియం నుంచి వచ్చి తెలుగు సాహిత్యం తీసుకున్నవాణ్ని చూసి క్లాసంతా నవ్వేది. ఆ కసితోనే నిఘంటువులు తిరగేశా. తెలుగు తక్కువ తినలేదు. ఆలమంద, మిడతల దండు, చీమల బారు, తేనెటీగల తుట్టె. పండ్లకీ, పూలకీ గెల, అత్తం, గుత్తి. మొసళ్లకు మాత్రం విడిగా పేరు దొరకలేదు. ఎలా దొరుకుతుంది? గజేంద్రుడి కథలో మకరి ఒంటరి, ఏనుగులదే మంద. తెలుగువాడి మొసలి మడుగులో ఒంటరిగానే పొంచి ఉంటుంది. మూడు జబాన్‌లలోనూ అది కార్చేది దొంగ కన్నీళ్లే.

మొసళ్లను మందగా ఎరిగినవాళ్లు మన ఉపఖండంలో లేకపోలేదు. కరాచీ శివార్లలో మంఘోపీర్ దర్గా ఉంది. దాని ముందు మడుగులో మొసళ్లు పదులకొద్దీ ఉంటాయి, మన మగర్ జాతివే. ఆఫ్రికా మూలాలున్న షీదీ కుటుంబాలు అక్కడ మేలా జరుపుతాయి. ఆ మొసళ్లలో పెద్దదాన్ని 'మోర్ సాహబ్' అని పిలిచి పూలదండ వేస్తారు, మాంసం తినిపిస్తారు. అఖీదా పేరుతో దాన్ని తప్పుబట్టేవాళ్లు ఉంటారు, ఆ బహస్ ఇక్కడ వద్దు. నేను చూసేది ఆ 'సాహబ్' అన్న ఒక్క లఫ్జ్‌నే. తరతరాలుగా పక్కన బతికినవాళ్లు జంతువుక్కూడా మర్యాద లేకుండా పేరు పెట్టలేదు.

మరి మా అఖ్బార్ల సంగతి ఏమిటి?

మా డెస్క్ మీద మనుషుల గుంపులకు అరడజనుకు పైగా లఫ్జ్‌లు తయారుగా ఉంటాయి. జనం, భక్తులు, కార్యకర్తలు, శ్రేణులు, గుంపు, ముఠా, మూక. ఏది ఎవరికి అన్నది ఎక్కడా రాసి ఉండదు. చేరిన నెలలోపు అందరికీ తెలిసిపోతుంది. కొందరు వందమంది రోడ్డు మీదికొస్తే 'పోటెత్తిన జనం'. ఇంకో వాడవాళ్లు ముప్పైమంది వస్తే 'గుమిగూడిన మూక'.

ముఠా అన్న మాట మీద ఎంత జులుం జరిగిందో చూడండి. గోదావరి ఏజెన్సీలో కొన్ని ఊళ్లు కలిసిన ఇలాకాను ముఠా అనేవారు. దాని పెద్ద ముఠాదారు. 1879 రంపా పితూరీలో తెల్లదొరల మీద తిరగబడినవాళ్లలో ఆ ముఠాదారులు ముందున్నారు. పితూరీ కూడా మన ఫితూర్ లఫ్జే లెండి. మార్కెట్ యార్డుల్లో బస్తాలు మోసే హమాలీలది ముఠా, వాళ్ల పెద్ద ముఠా మేస్త్రీ. చిరంజీవి సినిమాకు ఆ పేరు పెట్టుకుంటే జనం ఈలలేశారు. ఇంత గట్టి చరిత్ర ఉన్న మాటను మేం సుర్ఖీల్లో దొంగలకు, గంజాయికి కట్టేశాం. ఇవాళ హమాలీ పిల్లవాడు స్కూల్లో "మా నాన్న ముఠాలో పనిచేస్తాడు" అంటే టీచర్ ఏమనుకుంటుంది?

ఇక నా గుణాహ్ సంగతి.

డెస్క్‌లో చేరిన కొత్తలో జిల్లా టాబ్లాయిడ్ పేజీలు చూసేవాణ్ని. ఒక వేసవి రాత్రి, పేజీ వదిలేందుకు పావుగంట ఉందనగా మా సొంత ఊరి నుంచి చిన్న ఖబర్ వచ్చింది. మున్సిపల్ ఆఫీసు ముందు నలభైమంది ఖాళీ బిందెలతో కూర్చున్నారు. వాడకు పదకొండు రోజులుగా నీళ్లు లేవు. తోపులాటలో పూలకుండీ ఒకటి, కిటికీ అద్దం ఒకటి పగిలాయి. సింగిల్ కాలమ్‌లో ఐదు సెంటీమీటర్ల జాగా మిగిలింది. నేను కత్తిరించా. పూలకుండీ ఉంచా, అద్దం ఉంచా. పదకొండు రోజుల లైను పోయింది. ఖాళీ బిందెలు పోయాయి. సుర్ఖీ పెట్టా: 'మున్సిపాలిటీలో మూక హల్‌చల్'.

ము, మూ. ప్రాస కుదిరింది. పక్క సీటాయన "శభాష్" అన్నాడు. ఆ రాత్రి ఖుషీగా చాయ్ తాగానన్నది ఇవాళ్టికీ గుర్తుంది. అది చదివినవాళ్లకు ఆ వాడ ఎవరిదో తెలుసు. మూక అంటే ఎవరో విడిగా చెప్పనక్కర్లేదు. నాకూ తెలుసు. నేను పుట్టిపెరిగిన వాడ అది.

నెల తర్వాత ఊరెళ్లా. అసర్ తర్వాత మసీదు మెట్ల మీద ఉస్తాద్ సాబ్ కనపడ్డారు. అప్పటికే రిటైరై చాలా ఏళ్లయింది. సలాం చేస్తే చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకున్నారు.

"బేటా, నీ అఖ్బార్‌లో మా ఖబర్ వచ్చింది. నాకు తెలుగు చదవరాదు కదా, మనవడు చదివి వినిపించాడు. ఒక లఫ్జ్ అర్థం కాలేదు. మూక అంటే ఏమిటి? మూక్ అంటే గుంగా కదా? పాత మూక్ ఫిల్ములు ఉండేవి, మాటల్లేనివి. మేం గుంగావాళ్లం కాదే! పొద్దున్నుంచీ గట్టిగానే మాట్లాడాం."

ఆయన వెక్కిరించడం లేదు. నిజంగా అడుగుతున్నారు. తెలుగులో ఆ రెండు మాటలూ ఒకేలా ఉంటాయి. సంస్కృతం నుంచి వచ్చిన మూకకు అర్థం మూగ. రెండో మూకకు అర్థం గుంపు, కాస్త ఈసడింపుతో. నా డిగ్రీ చదువంతా అక్కడికి పనికొచ్చింది. కానీ నోరు పెగల్లేదు. ఆ నలభైమందిలో ఆయన ఉన్నారని నాకు అప్పుడే తెలిసింది. పక్కింటి బేవా ఔరత్ నిలబడలేకపోతుంటే ఆమె బిందె తను పట్టుకుని పోయారట.

"గుంపు అని మత్లబ్, ఉస్తాద్" అన్నా.

"అచ్ఛా, ఇస్మె జమా!" ముఖం వెలిగింది, క్లాసులో సరైన జవాబ్ చెప్పిన పిల్లవాణ్ని చూసినట్టు. కాసేపాగి అడిగారు. "మరి బిందెలేవి బేటా? మనవణ్ని రెండుసార్లు చదవమన్నా. బిందెల మాటే లేదన్నాడు."

ఆ సుర్ఖీ పెట్టింది నేనే అని చెప్పలేదు. ఆయన పోయేదాకా చెప్పలేకపోయా. ఇన్నేళ్ల తర్వాత ఇక్కడ రాస్తున్నా.

అదొక్కటేనా అంటే కాదు. 2020 మార్చి ఆఖర్లో ఢిల్లీ నిజాముద్దీన్ మర్కజ్ ఖబర్ వచ్చినప్పుడు 'జమాత్' అన్న లఫ్జ్‌కి ఏం గతి పట్టిందో మీకూ గుర్తుంటుంది. ఇమామ్ వెనక ఒక్క మనిషి నిలబడ్డా జమాతే. రోజుకు ఐదుసార్లు మన నోట వచ్చే మామూలు మాట. ఆ కొన్ని వారాలు టీవీల్లో అది రోగం పేరులా వినపడింది. మహమ్మారి ముంగిట అంతమంది ఒకచోట చేరడం గల్తీ కాదా అని అడగండి, అది జాయజ్ సవాల్, నేనూ అడిగా. కానీ లాక్‌డౌన్‌లో కదల్లేక ఆగిపోయినవాళ్లకు 'దాక్కున్నారు' అన్న క్రియ తగిలించింది ఎవరు? అదే ఏడాది ఆగస్టులో బాంబే హైకోర్టు ఔరంగాబాద్ బెంచి విదేశీ జమాతీల మీది కేసులు కొట్టేస్తూ, వాళ్లను బలిపశువుల్ని చేశారన్న మాట అంది. ఆ తీర్పుకు మా పేజీల్లో దొరికిన జాగా, మార్చి సుర్ఖీలకు దొరికిన జాగా పక్కపక్కన పెట్టి చూస్తే నాకు షరమ్ వేసింది.

ఇక్కడ ఒక దోస్త్ తప్పకుండా అడుగుతాడు. "నిజంగా రాళ్లేసే మూకలు లేవా? మనుషుల్ని కొట్టి చంపే మూకలు లేవా? వాటినీ బజ్మ్ అని పిలవమంటావా?"

ఉన్నాయి. వాటివల్ల ఎక్కువ ఖూన్ కార్చినవాళ్లలో మనమూ ఉన్నాం, ఆ సంగతి నాకు ఒకరు చెప్పనక్కర్లేదు. 2018 జులైలో సుప్రీంకోర్టు తెహసీన్ పూనావాలా కేసులో మూకరాజ్యాన్ని సాగనివ్వొద్దని, ఈ నేరానికి విడిగా చట్టం ఆలోచించాలని పార్లమెంటుకు చెప్పింది. అయితే అక్కడ కూడా మూక అన్న లఫ్జ్ చేసే పని చూడండి. 'మూకదాడిలో యువకుడి మృతి' అని రాస్తాం. చచ్చినవాడికి పేరుంటుంది, ఊరుంటుంది. చంపినవాళ్లకు పేరుండదు. మూకకు ఆధార్ కార్డు లేదు, వలీ పేరు లేదు, ఇంటి నంబరు లేదు. బేకసూర్ మనిషిని ముజ్రిమ్‌లా చూపించడానికి వాడిన లఫ్జే, అసలు ముజ్రిమ్ దాక్కోవడానికి చాటు అవుతోంది. రెండు పక్కలా ఇన్సాఫ్ పోయింది.

ఈ విషయంలో చట్టం మా డెస్క్ కన్నా నయం. 1860 నాటి శిక్షాస్మృతి 141వ సెక్షన్‌లో చట్టవిరుద్ధ సమావేశం అనాలంటే రెండు సంగతులు అడిగింది. ఐదుగురో, అంతకన్నా ఎక్కువమందో ఉండాలి. వాళ్లందరి ఉమ్మడి ఉద్దేశం చట్టం చెప్పిన తప్పుల్లో ఒకటై ఉండాలి. 2024 జులై నుంచి అమల్లోకొచ్చిన భారతీయ న్యాయ సంహిత 103వ సెక్షన్ కూడా కులం, జాతి లాంటి కారణాలతో ఐదుగురు, ఆపైన కలిసి చేసే హత్యకు శిక్ష చెప్పేటప్పుడు లెక్కా, కారణమూ రాసింది. పోలీసులు ఆ సెక్షన్లను ఎవరి మీద ఎలా వాడతారన్నది వేరే బహస్. రాతలో మాత్రం ఎంతమంది, ఎందుకు అన్న రెండు సవాళ్లు ఉన్నాయి. ఉస్తాద్ సాబ్ మాకు క్లాసులో నేర్పింది కూడా అదే. పదిమందిని చూసి లఫ్జ్ వెయ్యకు, ఏం చేస్తున్నారో చూడు.

కాబట్టి నా రాయ్ సూటిగా చెబుతున్నా. మూక, ముఠా, గుంపు అన్న లఫ్జ్‌లు తెలుగు సుర్ఖీల నుంచి పోవాలి. హత్య చేసిన పదిమందిని 'పదిమంది హంతకులు' అని రాద్దాం. నిందితులైతే 'పదిమంది నిందితులు' అందాం, పేర్లు దొరికితే పేర్లు రాద్దాం. నీళ్లడిగిన నలభైమందిని 'నలభైమంది' అని రాద్దాం. సుర్ఖీకి జాగా చాలదనే బహానా నా దగ్గర చెల్లదు. 'నీళ్ల కోసం నలభైమంది' అన్నది నేను ఆ రాత్రి పెట్టినదాని కన్నా పొడుగేం కాదు. కావాలంటే లెక్కపెట్టుకోండి. ప్రాస కూడా ఉంది.

ఖురాన్‌లో ఆరో సూరా పేరు అన్‌ఆమ్, అంటే పశువులు. దాని 38వ ఆయత్‌లో నేల మీద తిరిగే జంతువుల గురించీ, రెక్కలతో ఎగిరే పక్షుల గురించీ మాట వస్తుంది. అవన్నీ మీలాంటి ఉమ్మత్‌లేనని దాని మత్లబ్. ఉమ్మత్ అన్నది మనం మనకోసం దాచుకున్న లఫ్జ్. అల్లాహ్ దాన్ని చీమకూ ఇచ్చాడు, మొసలికీ ఇచ్చాడు. చిన్నప్పటినుంచీ తిలావత్ చేస్తూనే ఉన్నా. మా చిన్నదాని జీకే పుస్తకం చూశాకే ఆ ఇస్మె జమా ఎంత పెద్దదో దిల్‌కి తగిలింది. మొసళ్లకు అంత ఇజ్జత్ దక్కే చోట, బిందె పట్టుకున్న ముసలాయనకు మూక అన్న పేరు ఎవరిచ్చారు? నేనిచ్చా.

అన్నం తిన్నాక పిల్ల మళ్లీ వచ్చింది. "అబ్బూ, ఎలిగేటర్లు నిజంగా ప్రార్థన చేస్తాయా?"

"లేదు బేటీ. వానలు పడక నీళ్లు తగ్గిపోతే ఒక గుంట దగ్గర చేరతాయి."

"అయితే ఆ పేరెందుకు పెట్టారు?"

"పెట్టినవాళ్లు గుంపును చూశారు. నీళ్లను చూళ్లేదు."

దానికి ఎంత అర్థమైందో గానీ తల ఊపి పోయింది. మర్నాడు జుమా, నాది నైట్ షిఫ్ట్. పదిన్నరకు ఒక మండలం నుంచి కాపీ వచ్చింది. తహసీల్ ఆఫీసు దగ్గర గుంపు ఆందోళన అని రాసుంది. విలేకరి కుర్రాడికి ఫోన్ చేశా.

"ఎంతమంది తమ్ముడూ?"

"పాతిక, ముప్పై ఉంటారు సార్."

"చేతుల్లో ఏమున్నాయి?"

కాసేపు చప్పుడు లేదు. "పాస్‌బుక్కులు సార్. రాయలేదు. రాసి పంపనా?"

"పంపు. పేజీ ఆపుతా" అన్నా.